శాటిలైట్ నుంచి నీ గొంతు నీకు వినపడుతోందా? ముందు అది చూసుకో

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెప్తాను. మీది అచ్చంపేట. హామ్ రేడియో (సరదా కోసం సొంత రేడియోతో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నీ పేరు, కొత్తగా వచ్చాయి. చేతిలో 5 వాట్ల డ్యూయల్ బ్యాండ్ హ్యాండ్‌సెట్ ఉంది. స్పేస్ స్టేషన్ పైనుంచి పోయేటప్పుడు దాని రిపీటర్‌లో (విన్న మాటను వెంటనే తిరిగి పంపే రేడియోలో) వేరే ఊళ్ల వాళ్లు మాట్లాడుకోవడం వినపడుతోంది గానీ, నువ్వు ఎంత పిలిచినా ఒక్కరూ పలకడం లేదు. 50 వాట్ల ఆంప్లిఫయర్ కొనాలా అని అడిగావు. మన దేశపు హామ్ శాటిలైట్ హామ్‌శాటే పోయాక ఇంకా ఇందులో ఏముందని ఒక పెద్దాయన అన్నాడని కూడా రాశావు.

ఆంప్లిఫయర్ వద్దు. ఆ డబ్బు జేబులో ఉంచుకో. నీకున్న రిస్ట్రిక్టెడ్ లైసెన్సుకు పవర్ పరిమితి ఒకటి ఉంటుంది, అది ఎలాగూ చూసుకోవాలి. అసలు సంగతి అది కాదు. స్పేస్ స్టేషన్ నెత్తి మీదికి వచ్చినప్పుడు నీకూ దానికీ మధ్య దూరం 420 కిలోమీటర్లు. మధ్యలో గుట్ట లేదు, చెట్టు లేదు, గోడ లేదు. ఆ దూరానికి 5 వాట్లు పుష్కలం. ఆకాశం అంచున ఉన్నప్పుడు దూరం రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది, అప్పుడు కూడా ఒకే దిక్కుకు గురిపెట్టే ఒక మోస్తరు యాగీ యాంటెన్నా ఉంటే అదే 5 వాట్లతో పని జరుగుతుంది.

నీకు లేనిది పవర్ కాదు. నువ్వు పంపింది పైకి చేరిందో లేదో తెలుసుకునే దారి లేదు. నీ హ్యాండ్‌సెట్‌లో పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కగానే రిసీవర్ మూసుకుపోతుంది. శాటిలైట్ మాత్రం నువ్వు 145 మెగాహెర్ట్జ్‌లో పంపిన మాటను అదే క్షణంలో 437 మెగాహెర్ట్జ్‌లో కిందికి పంపుతూనే ఉంటుంది. ఆ మాట నీ చెవిలో పడాలి. దీన్ని ఫుల్ డ్యూప్లెక్స్ అంటాం. ఇన్నేళ్లుగా కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: కాంటాక్టుల సంగతి తర్వాత, ముందు నీ గొంతు నువ్వు విను.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. నిన్ను ఎవరూ పలకకపోవడానికి కారణాలు చాలానే ఉండొచ్చు. మాటతో పాటు తాళంచెవిలా పోయే 67 హెర్ట్జ్ టోన్ పెట్టి ఉండవు, అది లేకపోతే రిపీటర్ తెరుచుకోదు. యాంటెన్నా వేరే దిక్కు చూస్తూ ఉండొచ్చు. నీతో పాటు ఇంకో బలమైన స్టేషన్ మాట్లాడుతూ ఉండొచ్చు. ఎఫ్ఎమ్‌లో ఇద్దరు ఒకేసారి పంపితే బలమైనదే వినపడుతుంది, రెండోది మాయమైపోతుంది. లేదా నువ్వు బాగానే చేరావు, అవతలివాళ్లు పలికారు కూడా, కానీ నీ రిసీవర్ అప్పటికి ఫ్రీక్వెన్సీ తప్పింది. ఒక్కోదానికి మందు వేరు. వినకుండా పవర్ పెంచితే ఇందులో ఏ ఒక్కటీ నయం కాదు, పైగా శ్రీలంకలో అర వాట్ హ్యాండ్‌సెట్‌తో ప్రయత్నిస్తున్న ఇంకో కుర్రాడి మాట నీ కింద పడి నలిగిపోతుంది. నీ గొంతు నీకు వినపడితే మాత్రం లోపం ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది.

కావలసింది రెండో రిసీవర్. ఇంకో హ్యాండ్‌సెట్ ఉంటే సరే. లేకపోతే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి చిన్న రేడియో రిసీవర్) ఒకటి తీసుకుని, ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు తగిలించు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. స్పీకర్ పెడితే కిందికి వచ్చిన మాట మళ్లీ మైకులో దూరి పైకి పోతుంది, అందరి చెవుల్లో కీచుమంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. నువ్వు పైకి పంపే 145.990ని మూడుతో గుణించు: 437.970. స్పేస్ స్టేషన్ డౌన్‌లింక్, అంటే కిందికి పంపేది, 437.800. అంటే నీ ట్రాన్స్‌మిటర్ మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో వద్దన్నా బయటికొచ్చే సిగ్నల్), నువ్వు వినాల్సిన చోటికి 170 కిలోహెర్ట్జ్ దూరంలో పడుతుంది. చవక హ్యాండ్‌సెట్లలో ఈ హార్మోనిక్ గట్టిగానే ఉంటుంది. దానికి తోడు డాంగిల్‌కు ముందు ఫిల్టర్ ఏమీ ఉండదు, పక్కనే 5 వాట్లు కొడితే అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నువ్వు మాట్లాడినంతసేపు శాటిలైట్ మాయమైనట్టు ఉంటుంది, అది పోలేదు, నీ రిసీవరే చెవిటిదైంది. పాస్ లేని వేళలో, అంటే శాటిలైట్ మన ఆకాశంలో లేనప్పుడు, లో-పవర్‌లో ఒక్క క్షణం పీటీటీ నొక్కి వాటర్‌ఫాల్ (ఫోన్‌లో సిగ్నళ్లను గీతలుగా చూపే బొమ్మ) చూడు. స్క్రీన్ అంతా వెలిగిపోతే ఇదే జబ్బు. ట్రాన్స్‌మిటర్ వైపు ఒక లో-పాస్ ఫిల్టర్, రిసీవర్ వైపు ఒక హై-పాస్ ఫిల్టర్ పెట్టుకో. రెండు బ్యాండ్లనూ విడదీసే డ్యూప్లెక్సర్ దొరికితే ఒక్కదానితో రెండు పనులూ అవుతాయి. అదీ లేకపోతే రెండు యాంటెన్నాల మధ్య మిద్దె మీద నాలుగైదు మీటర్ల ఎడం పెట్టు, చాలా వరకు తగ్గుతుంది.

యాంటెన్నా కొనక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో ఒక ఇనుప కొలత టేపు, పీవీసీ పైపు, నాలుగు హోస్ క్లిప్పులు తెచ్చుకో. రెండు మీటర్ల బ్యాండుకు, అంటే పంపే 145కు, మూడు ఎలిమెంట్ల యాగీకి రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు, మధ్యలో కేబుల్ తగిలే డ్రివెన్ ఎలిమెంట్ 45 చొప్పున రెండు ముక్కలు, డైరెక్టర్ 89. రిఫ్లెక్టర్ నుంచి డ్రివెన్‌కు 20, అక్కడి నుంచి డైరెక్టర్‌కు 32 సెంటీమీటర్లు. డ్రివెన్ రెండు ముక్కల మధ్య పన్నెండున్నర సెంటీమీటర్ల తీగను యూ ఆకారంలో వంచి అతికించు. టేపు మీది రంగును గరుకు కాగితంతో పూర్తిగా గీకితేనే సోల్డరింగ్ పట్టుకుంటుంది. వినే వైపుకు, అంటే 70 సెంటీమీటర్ల బ్యాండుకు, ఎలిమెంట్లు ఇందులో మూడో వంతు పొడవుంటాయి కాబట్టి అయిదారు ఎలిమెంట్లు పెట్టినా చేతికి బరువు అనిపించదు. కేబుల్ మాత్రం పొట్టిగా ఉంచు. ఆర్‌జీ-58 పది మీటర్లు వేస్తే 437లో వచ్చిన సిగ్నల్ సగానికి పైగా కేబుల్‌లోనే ఇంకిపోతుంది. కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఎవరైనా హైదరాబాద్ పోతుంటే తెప్పించుకో.

ఇప్పుడు ఒక పాస్ చూద్దాం. లుక్4శాట్ లాంటి ఆప్‌లో నీ ఊరు పెట్టి, ఆర్బిట్ వివరాలు వారానికోసారైనా అప్‌డేట్ చేసుకో. స్పేస్ స్టేషన్ మనకు రోజుకు నాలుగైదు సార్లు కనిపిస్తుంది గానీ అన్నీ పనికొచ్చేవి కావు. 30 డిగ్రీలకు పైన ఎక్కే పాస్ ఎంచుకో. నైరుతిలో లేచి ఈశాన్యంలో దిగుతుందనుకుందాం. పది నిమిషాల పాస్. మీ ఊరికి దక్షిణాన నల్లమల ఉందని భయపడకు, అంత దూరం నుంచి ఆ కొండల అంచు ఆకాశంలో రెండు మూడు డిగ్రీలకు మించి లేవదు. నీకు అడ్డొచ్చేది పక్కింటి మూడో అంతస్తు, దాని మీది వాటర్ ట్యాంకు.

శాటిలైట్ నీ వైపు వస్తున్నప్పుడు డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. కాబట్టి రిసీవర్‌ను 437.810 దగ్గర మొదలుపెట్టు. తర్వాత 437.805, నెత్తి మీదికి వచ్చేసరికి 437.800, పోతున్నప్పుడు 437.795, చివరికి 437.790. అయిదు మెమరీల్లో వేసుకుంటే వేలితో మారుస్తూ పోవచ్చు. డాంగిల్ వాటర్‌ఫాల్‌లో అయితే సిగ్నల్ గీత వంకరగా జారిపోవడం కంటికే కనిపిస్తుంది, దాని వెంట పోతే చాలు. పైకి పంపే 145.990ని కదిలించక్కర్లేదు, రెండు మీటర్లలో తేడా మూడున్నర కిలోహెర్ట్జ్ లోపే, ఎఫ్ఎమ్ దాన్ని ఓర్చుకుంటుంది.

మొదటి రెండు నిమిషాలు ఏమీ పంపకు, విను. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకో. సిగ్నల్ సన్నబడితే యాంటెన్నా దిక్కు మార్చేముందు మణికట్టు తిప్పి చూడు, అడ్డంగా ఉన్న ఎలిమెంట్లు నిలువైతే చాలాసార్లు మాట మళ్లీ తేటపడుతుంది. ఖాళీ దొరకగానే నీ కాల్‌సైన్, నీ గ్రిడ్ (మ్యాపులో నీ ఊరున్న గడి పేరు) చెప్పు, అంతే. హలో హలో టెస్టింగ్ వద్దు. ఆ పది నిమిషాలను చెన్నై నుంచి ఢిల్లీ దాకా అందరూ పంచుకుంటున్నారు. చెప్తున్నప్పుడే ఇయర్‌ఫోన్‌లో నీ మాట నీకు వినపడాలి. వినపడితే రెండోసారి చెప్పకు, ఆగు, ఎవరో ఒకరు పలుకుతారు. వినపడకపోతే పిలవడం ఆపి టోన్, దిక్కు, ఫిల్టర్ వరసగా చూసుకో. ఇంకో మాట: వ్యోమగాములు స్టేషన్ బయటికి వచ్చే రోజుల్లో, వాహనాలు డాకింగ్ అయ్యే వేళల్లో ఆ రేడియోను ఆపేస్తారు. బడి పిల్లలతో మాట్లాడేటప్పుడు, బొమ్మలు పంపే ఎస్ఎస్‌టీవీ రోజుల్లో రిపీటర్ ఉండకపోవచ్చు. హామ్ శాటిలైట్ల సంఘం ఆమ్‌శాట్ స్టేటస్ పేజీ చూడకుండా యాంటెన్నాను తప్పు పట్టకు.

ఇక పెద్దాయన మాట. ఆ బాధ నాకు తెలుసు, హామ్‌శాట్ మీద నాకూ అంతే ప్రేమ ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6, కార్టోశాట్-1తో పాటు దాన్ని తీసుకుపోయింది. 42.5 కిలోల చిన్న పెట్టె. లోపల రెండు ట్రాన్స్‌పాండర్లు (ఒక బ్యాండులో విన్నదాన్ని ఇంకో బ్యాండులో తిరిగి పంపే రేడియోలు), ఒకటి మనవాళ్లు చేసింది, ఇంకొకటి నెదర్లాండ్స్ హామ్ ఒకాయన చేసింది. పైకి వెళ్లాక ప్రపంచం దాన్ని వీఓ-52 అని పిలిచింది. 435.250 చుట్టూ ఎల్ఎస్‌బీలో పంపితే 145.900 చుట్టూ యూఎస్‌బీలో తిరిగొచ్చేది (ఎఫ్ఎమ్ కాకుండా ఎస్ఎస్‌బీ అనే పద్ధతిలో ఇవి రెండు రకాలు). గమనించావా, పంపేది 435, వినేది 145, కాబట్టి ఇందాక చెప్పిన మూడో హార్మోనిక్ బాధే లేదు. మన దేశంలో చాలామంది ఫుల్ డ్యూప్లెక్స్ నేర్చుకున్నది దాని మీదనే.

అది లీనియర్ ట్రాన్స్‌పాండర్. ఎఫ్ఎమ్ రిపీటర్‌లా ఒకరి తర్వాత ఒకరు కాదు, 60 కిలోహెర్ట్జ్ వెడల్పులో నాలుగైదు జంటలు ఒకేసారి మాట్లాడుకోవచ్చు. కానీ ఎక్కడ దిగుతున్నావో వెతుక్కోవాలి. నల్లగొండలో మిద్దె మీద ఒక చేత్తో యాంటెన్నా, ఇంకో చేత్తో డయల్ పట్టుకుని, మైకులో "వన్, టూ" అంటూ వెతికేవాళ్లం. ముందు కీచుగా, మాట తెలియకుండా ఏదో వినపడేది. డయల్ ఇంకొంచెం తిప్పితే ఆ కీచు కిందికి దిగి దిగి మనిషి గొంతు అయ్యేది, ఆ గొంతు మనదే. అలా వినపడ్డాకే సీక్యూ, అంటే ఎవరైనా పలకండి అని, పిలిచేవాళ్లం. ఒకడు పవర్ ఎక్కువ పెడితే ట్రాన్స్‌పాండర్ తన గెయిన్ తగ్గించుకునేది, అందరి సిగ్నళ్లూ ఒక్కసారి కుంగేవి. ఎవరు పెట్టారో వెంటనే తెలిసేది కూడా. "ఓయెమ్, బీకన్ కన్నా గట్టిగా ఉన్నావు, తగ్గించు" అని నెమ్మదిగా చెప్పేవాళ్లు (ఓయెమ్ అంటే మిత్రమా, బీకన్ అంటే శాటిలైట్ తన గుర్తుగా పంపే సిగ్నల్). నీ ఆంప్లిఫయర్ మాట చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ మర్యాదే. 2014 జులైలో బ్యాటరీ చచ్చిపోయి వీఓ-52 ఆగింది. రెండేళ్లు పనిచేస్తే చాలనుకున్నది తొమ్మిదేళ్లు పనిచేసింది.

కానీ దానితో అంతా అయిపోలేదు, దానితో మొదలూ కాలేదు. 1961 డిసెంబర్ 12న మొదటి హామ్ శాటిలైట్ ఆస్కార్-1 ఎగిరింది. కాలిఫోర్నియా హామ్‌లు చేసిన నాలుగున్నర కిలోల పెట్టె, 140 మిల్లీవాట్ల ట్రాన్స్‌మిటర్. మోర్స్‌లో "హాయ్" అనడం తప్ప దానికి ఇంకో మాట రాదు. ఆ హాయ్ ఎంత వేగంగా వస్తోందో లెక్కపెట్టి లోపలి వేడి ఎంతో చెప్పేవాళ్లు. 28 దేశాల నుంచి 570 మందికి పైగా రిపోర్టులు పంపారు. 1965లో ఆస్కార్-3తో రెండు వైపులా మాట్లాడుకోవడం మొదలైంది. 1983లో ఓవెన్ గారియట్ కొలంబియా షటిల్ నుంచి హ్యాండ్‌సెట్‌తో కిందివాళ్లను పలకరించాడు, జోర్డాన్ రాజు హుసేన్ కూడా అప్పుడు ఆయనతో మాట్లాడాడు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఏఓ-7 అనే హామ్ శాటిలైట్. 1974 నవంబర్ 15న ఎగిరింది. 1981లో బ్యాటరీ షార్ట్ అయి మూగబోయింది. అందరూ ఆశ వదులుకున్నారు. 2002 జూన్ 21న మళ్లీ పలికింది. షార్ట్ అయిన బ్యాటరీ కాలక్రమంలో ఓపెన్ అయిపోయింది, సోలార్ ప్యానెళ్ల కరెంటు నేరుగా ట్రాన్స్‌పాండర్‌కు అందింది. అప్పటి నుంచి ఎండలో ఉంటే పలుకుతుంది, భూమి నీడలోకి పోతే ఆగుతుంది, మళ్లీ ఎండ తగలగానే లేస్తుంది. ఒక జాగ్రత్త: అది రెండు రకాలుగా పనిచేస్తుంది, అందులో మోడ్-బి అప్‌లింక్, అంటే పైకి పంపేది, 432.125 నుంచి 432.175. మన దేశంలో 70 సెంటీమీటర్ల బ్యాండు మనకు ఇచ్చింది 434 నుంచి 438 వరకే. కాబట్టి మోడ్-బి వినొచ్చు, అందులో పంపకూడదు. మోడ్-ఏ అయితే పైకి 145.850 నుంచి 145.950, కిందికి 29.400 నుంచి 29.500, అది మనకు సరిపోతుంది. విదేశీ వీడియోలు చూసి సెట్టింగులు యథాతథంగా పెట్టుకునే ముందు లైసెన్సులో బ్యాండ్ల పట్టిక పక్కన పెట్టుకో.

మన రాకెట్ల వంతు కూడా ఆగలేదు. ఇండోనేషియా వాళ్ల శాటిలైట్ ఐఓ-86ను 2015 సెప్టెంబర్ 28న ఆస్ట్రోశాట్‌తో పాటు పీఎస్ఎల్‌వీ-సీ30 తీసుకుపోయింది. అమెరికా హామ్‌ల ఏఓ-92 2018 జనవరిలో పీఎస్ఎల్‌వీ-సీ40 మీద ఎగిరింది. ఐఓ-86 మనకు ప్రత్యేకం. అది భూమధ్యరేఖకు 6 డిగ్రీలు వంగి తిరుగుతుంది కాబట్టి సుమారు గంటా ముప్పావుకోసారి మన దక్షిణపు ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు పోతూనే ఉంటుంది. మనకు బాగా పైకి ఎక్కినప్పుడు కూడా సుమారు 20 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, దక్షిణం వైపు తెరిపిగా ఉన్న మిద్దె కావాలి. పైకి 145.880, టోన్ 88.5, కిందికి 435.880. రిపీటర్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచరు, షెడ్యూల్ చూసుకోవాలి.

ఎస్ఎస్‌బీ ఉన్న సెట్టు చేతికొచ్చిన రోజు ఆర్ఎస్-44కు రా. 2019 డిసెంబర్‌లో ఎగిరిన రష్యా శాటిలైట్, వెయ్యి కిలోమీటర్లకు చాలా పైన తిరుగుతుంది కాబట్టి పాస్ ఇరవై నిమిషాలకు అటూఇటూ ఉంటుంది. సౌదీ నుంచి ఇండోనేషియా దాకా అందుతారు. 145.965 చుట్టూ ఎల్ఎస్‌బీలో పంపి 435.640 చుట్టూ యూఎస్‌బీలో విను, డాప్లర్‌కు 435 వైపే తిప్పు. హామ్‌శాట్ లోటు తీర్చుకోవాలంటే నాకు తెలిసి ఇదే దారి.

ఇంట్లో పనిచేయని డీటీహెచ్ డిష్ ఉందా? ఉంటే పారేయకు. ఖతర్ వాళ్ల ఎస్‌హెయిల్-2 శాటిలైట్ మీద క్యూఓ-100 అనే హామ్ ట్రాన్స్‌పాండర్ ఉంది, 2018 నవంబర్‌లో ఎగిరింది, జియోస్టేషనరీ, అంటే కదలదు. మన జిల్లాల నుంచి చూస్తే పడమటికి కాస్త దక్షిణంగా, సుమారు 258 డిగ్రీల దిక్కులో, 27 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్, 9750 లోకల్ ఆసిలేటర్ ఉన్న యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండే, వచ్చిన ఫ్రీక్వెన్సీలోంచి 9750 తీసేసి కిందికి దింపే పెట్టె) పెడితే 10489.500 మెగాహెర్ట్జ్ దగ్గరి సిగ్నల్ డాంగిల్‌లో 739.500 దగ్గర దిగుతుంది. బ్రెజిల్ నుంచి థాయిలాండ్ దాకా రాత్రీ పగలూ మాట్లాడుతూనే ఉంటారు. అక్కడ తమ గొంతు తాము వినేవాళ్లకు పావు సెకను ఆలస్యంగా వినపడుతుంది. పంపాలంటే 2400 మెగాహెర్ట్జ్‌లో పంపాలి, లైసెన్సు చూసుకోకుండా ఆ పని వద్దు. వినడానికి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

నీకు తెలియని నీ బలం ఒకటి చెప్తాను. శాటిలైట్ మీద అందరూ గ్రిడ్లు సేకరిస్తారు. ఒక గ్రిడ్ అంటే రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం. హైదరాబాద్, నల్లగొండ రెండూ ఎమ్‌కే97. ఆ గ్రిడ్ చాలామంది దగ్గర ఉంది. అచ్చంపేట 17వ డిగ్రీకి కింద ఉంది కాబట్టి నువ్వు ఎమ్‌కే96. ఇంకా పడమటికి పోతే మహబూబ్‌నగర్ దాదాపు 78 డిగ్రీల రేఖ మీదే ఉంది, రేఖ దాటితే ఎమ్‌కే86. ఎమ్‌కే96 నుంచి పలికేవాళ్లు తక్కువ. నీ సిగ్నల్ ఒక్కసారి తేటగా పైకి చేరనీ, నిన్ను వాళ్లే పిలుస్తారు.

నీ హ్యాండ్‌సెట్‌లో టోన్ మెనూలో ఏముందో, ఏ కేబుల్ ఎంత పొడవు వాడుతున్నావో, యాంటెన్నా ఫొటోతో సహా ఇక్కడే రాయి. టోన్ పెట్టేచోట చాలామంది వినే వైపు, పంపే వైపు తారుమారు చేస్తారు, పంపే వైపు మాత్రమే 67 ఉండాలి. ఫిల్టర్ తయారు చేసుకుంటానంటే కాయిల్ లెక్కలు నేను ఇస్తాను. అన్నీ కుదిరాక ఒక సాయంత్రం పాస్ చెప్పు, నల్లగొండ నుంచి నేను వింటూ ఉంటాను. ముందు నీ గొంతు నీకు వినపడిందని చెప్పు, తర్వాత నేను పలుకుతాను.